అగ్నిమాపక దళమునకు చోటు చెప్పు పెట్టె

ఇల్లంటుకొన్నపుడు అగ్నిమాపక దళమునకు మొట్టమొదట తెలియవలసినది మంట ఉన్న చోటు. భయముతో వణకు మనిషి నోట ఆ మాట సరిగా రాదు. ఈ చిక్కును విద్యుత్తు ఎట్లు తీర్చినదో చూతము.

అమెరికాలోని బోస్టన్ నగరమున 1852లో విలియం చానింగ్ అను వైద్యుడును, మోజెస్ ఫార్మర్ అను యంత్రజ్ఞుడును వీధులలో తంతి పెట్టెలను నెలకొల్పిరి. తరువాత మెరుగుపరచిన పెట్టెలో గడియారపు యంత్రమొకటి, పండ్లచక్రమొకటి ఉండును. కొక్కెము లాగగానే చక్రము తిరుగును. పెట్టె సంఖ్య 234 అనుకొందము. చక్రమునకు రెండు, మూడు, నాలుగు చొప్పున పండ్లు, నడుమ ఎడముతో, అమరియుండును. ఒక్కొక్క పన్ను తీగలోని ప్రవాహమును ఒక్కొక్కసారి తెంచును. తెగినప్పుడెల్ల కేంద్ర కార్యాలయమున గంట మ్రోగును. తీగలో ప్రవాహము ఎల్లప్పుడును ఉండుటచే, తీగ ఎక్కడ తెగినను ఆ లోపము వెంటనే బయటపడును.

ఉద్యోగి గంటలు లెక్కించి ఆ సంఖ్య గల కార్డు తీయును. మొదట ఏ స్టేషన్ల బండ్లు పోవలెనో, మంట అణగకున్న పిమ్మట ఏవి పోవలెనో అందు ముందే వ్రాసియుండును. ఆపద వేళ ఆలోచనకై కాలము వృథా కాదు.

నేడు అనేక నగరములలో ఆ కార్డు పనిని కంప్యూటరు చేయుచున్నది. కాని మన దేశమున 101కి గాని 112కి గాని ఫోను చేయువారు ఆ పెట్టెవలె మొదట చోటు చెప్పవలెను: ఊరు, వీధి, దగ్గరనున్న గుర్తు. తక్కిన మాటలు ఆ తరువాత.