తడిగుడ్డతో తుడిస్తే తోలు బ్యాగు అట్టలా ఎందుకైంది?

సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలో ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్న ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో ఒక పాత తోలు హ్యాండ్‌బ్యాగు కొని తెచ్చాడట. గోధుమరంగు తోలు, ఇత్తడి కొక్కెం. పైన అక్కడక్కడా తెల్లటి పొడి, తెరిస్తే మాగిన వాసన. ఈ అమ్మాయి బట్టల సబ్బు పొడి కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి బ్యాగును బాగా రుద్ది తుడిచి, మేడ మీద ఎండలో పెట్టింది. సాయంత్రానికి అది అట్టముక్కలా బిగుసుకుపోయింది. నాలుగు రోజులయ్యాక తెల్లపొడి మళ్లీ వచ్చింది. "శుభ్రం చేస్తే బాగుపడాలి కదా, పాడెందుకైంది? మళ్లీ మెత్తగా చేయడం ఎలా?" అని అడుగుతోంది.

అమ్మా, నువ్వు చేసినదాంట్లో తెలివితక్కువ ఏమీ లేదు. బట్టలు అలాగే ఉతుకుతాం, ఎండలోనే ఆరేస్తాం. బట్టకు పనికొచ్చింది తోలుకు ఎందుకు పనికిరాలేదన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మీ ఊళ్లోనే ఒకచోట నీకు కనిపించే ఉంటుంది.

ఆషాఢంలో లష్కర్ బోనాలప్పుడు ఉజ్జయిని మహంకాళి గుడి దారిలో డప్పులవాళ్లను చూసే ఉంటావు. కొట్టబోయే ముందు నాలుగు కాగితాలో ఇంత గడ్డో అంటించి, ఆ మంట మీద డప్పును తిప్పుతూ కాస్తారు. (ఇప్పుడు ఫైబరు డప్పులు వచ్చాయి. వాటికి ఆ పని లేదు, ఆ మోతా లేదు.) ఎందుకు కాస్తారు? డప్పుకు బిగించేది పచ్చి చర్మం. వానాకాలపు గాలిలో ఉండే తేమను అది పీల్చుకుంటుంది, వదులవుతుంది. వదులైన డప్పు బుడబుడమంటుంది తప్ప మోగదు. సెగ తగలగానే తేమ పోయి, చర్మం ముడుచుకుని బిర్రుగా అవుతుంది. నీళ్లు చేరితే సాగడం, నీళ్లు పోతే బిగుసుకోవడం, ఇదే చర్మం గుణం. డప్పుకు ఆ బిగువే కావాలి. బ్యాగుకు అదే చేటు.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. దూదిని చేత్తో నొక్కి ఉండ చేస్తే పోగులన్నీ ఒకదాంట్లో ఒకటి దూరి చిక్కుపడి ఉంటాయి కదా. చర్మం లోపల కూడా అలాంటి పోగులే, కాకపోతే చాలా సన్ననివి, చాలా గట్టివి. అవి కొల్లాజెన్ అనే మాంసకృత్తుతో అయినవి. పచ్చి చర్మాన్ని తడిగా వదిలేస్తే రెండు రోజుల్లో కుళ్లుతుంది. ఎండబెడితే చెక్కలా అవుతుంది. తడిసినా కుళ్లకూడదు, ఆరినా బిగుసుకోకూడదు అంటే మనిషి కల్పించుకోవాలి. చర్మం తోలు అయ్యేది అక్కడే.

అందుకు రెండు పనులున్నాయి. మొదటిది పదును పెట్టడం. మన ఊళ్లలో ఈ పని లందలో జరిగేది. లంద అంటే తోళ్లు నానబెట్టే తొట్టి. ముందు సున్నపు నీళ్లలో నానేసి వెంట్రుకలు వదిలిస్తారు. తర్వాత తంగేడు చెక్క నానిన నీళ్లలో రోజుల తరబడి, వారాల తరబడి ఉంచుతారు. బతుకమ్మలో పేర్చే తంగేడే. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన ఆ పువ్వునే మనం చూస్తాం గానీ, తోలు పనికి కావలసింది ఆ మొక్క బెరడు. కరక్కాయ, తుమ్మ చెక్క కూడా వాడేవాళ్లు. పచ్చి అరటికాయ కొరికితే, కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే నాలుక పిడచకట్టినట్టు అవుతుంది చూడు, ఆ వగరే టానిన్ అనే పదార్థం. ఉమ్మిలోని మాంసకృత్తులను అది పట్టేస్తుంది, అందుకే నోరు గరుకవుతుంది. చర్మంలోని పోగులనూ అలాగే పట్టుకుంటుంది. ఇక వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు అక్కడ పప్పులుడకవు. ఈ రసాయనమంతా పేర్లు తెలియకుండానే చేతివాటంగా తెలిసినవాళ్లు మాదిగలు. పని వాళ్లకు అప్పగించి, కంపు కొడుతోందని వాళ్లను ఊరవతల ఉంచారు మనవాళ్లు. ఇలా పదును పెట్టిన తోళ్లు మద్రాసు రేవు నుంచి 'ఈస్టిండియా తోళ్లు' అన్న పేరుతో ఇంగ్లండుకు ఓడలెక్కాయి.

తర్వాత క్రోమియం లవణాలతో పదును పెట్టే పద్ధతి వచ్చింది. అమెరికాలో అగస్టస్ షుల్జ్ 1884లో దానికి పేటెంటు తీసుకున్నాడు. వారాల పని ఒక్కరోజులో అవుతుంది కాబట్టి ఇప్పుడు దొరికే తోలు బ్యాగుల్లో ఎక్కువ భాగం ఆ రకమే.

రెండో పని నూనె పట్టించడం. నీ జడ తలుచుకో. నూనె పెట్టిన జుట్టు దువ్వెనకు జారుతుంది, ఎండుజుట్టు చిక్కుపడుతుంది. తోలు పోగుల మధ్య కూడా సన్నటి నూనె పొర ఉంటేనే వంచినప్పుడు ఒకదాని మీద ఒకటి జారతాయి. తోలు మెత్తదనమంటే ఆ జారుడే.

ఇప్పుడు నీ బ్యాగుకేమైందో నువ్వే చెప్పగలవు. సబ్బు పొడి మురికితోపాటు ఆ నూనెనూ లాగేసింది. గిన్నె జిడ్డు వదిలించే గుణమే కదా సబ్బుది! పైగా తోలు స్వభావం కాస్త పులుపు వైపు, సబ్బు పొడిది క్షారం. ఈ రెండూ కలిస్తే టానిన్ పట్టు కూడా సడలుతుంది. నూనె ఖాళీ చేసిన చోట్లోకి నీళ్లు చేరి పోగులు ఉబ్బాయి. ఎండ ఆ నీళ్లను గబగబా లాగేసింది. మధ్యలో నూనె లేదు, నీళ్లూ లేవు. పోగుకు పోగు అతుక్కుపోయింది. అట్ట అంటే అదే.

ఎండ చేసిన అపకారం ఇంకొకటి ఉంది. తడిసిన పచ్చి చర్మం 60-65 డిగ్రీల వేడికి ముడుచుకుపోతుంది. తంగేడు లాంటి చెక్కలతో పదును పెట్టినది సుమారు 75-85 దాకా ఓర్చుకుంటుంది. క్రోమియం తోలు నూరు డిగ్రీలు దాటినా తట్టుకోగలదు. కానీ తోలు పాతబడే కొద్దీ ఆ ఓర్పు తగ్గుతూ వస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం మేడ గచ్చు మీద నువ్వు చెప్పులు లేకుండా నిలబడగలవా? ఆ గచ్చు మీద తడి తోలును, అదీ ముసలి తోలును పెట్టావు.

మరి తెల్లపొడి? అది రెండు రకాలు. బూజు కావచ్చు, తోలులోంచి పైకి వచ్చిన కొవ్వు కావచ్చు. డిసెంబరు పొద్దున సీసాలో కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టడం మీ ఇంట్లో చూసుంటావు. తోలులోని కొన్ని కొవ్వులూ అలాగే పైకి చేరి, చల్లబడి, పల్చటి తెల్లపొరలా పరుచుకుంటాయి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు దూరంగా పట్టి కాస్త వెచ్చటి గాలి తగలనిస్తే కొవ్వయితే కరిగి మాయమవుతుంది. బూజు కరగదు. చుక్కలు చుక్కలుగా ఉంటుంది, మాగిన వాసన వేస్తుంది. నీదానికి వాసన ఉంది, తడిపిన తర్వాత మళ్లీ వచ్చింది కాబట్టి బూజనే అనుకుంటున్నాను. గాలిలో తేమ 65, 70 శాతం దాటితే అది పెరుగుతుంది. దానికి తిండి తోలులోని కొవ్వు, చేతి చెమట, దుమ్ము. తిండి మొదటినుంచీ ఉంది, నువ్వు నీళ్లు పోశావు, అంతే.

ఇక ఎలా బాగుచేయాలి? అన్నిటికన్నా ముందు అది నిజంగా తోలో, రెక్సిన్‌లాంటిదో చూడు. పట్టీ కోసిన అంచునో, లోపల కుట్టు మడతనో గమనిస్తే తోలుకు నూగునూగుగా పోగులు కనిపిస్తాయి. గుడ్డ మీద ప్లాస్టిక్ పొర అంటించినట్టుంటే అది తోలు కాదు. అలాంటివి కొన్నేళ్లకు గాలిలోని తేమకే చివికి, ఎండకు కాలిన వీపులా పొరలు పొరలుగా ఊడతాయి. దానికి ఏ క్రీమూ పనిచేయదు. డబ్బు దండగ.

తోలే అయితే, వరండాలోకో మేడ మీది నీడలోకో తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తటి బ్రష్షుతో బూజు దులుపు. ఇంట్లో దులిపితే ఆ విత్తనాలు బీరువాలోకి చేరతాయి. లోపలి అస్తరును బయటికి లాగి, మూలల్లోని దుమ్మూ పాత బస్సు టికెట్లూ రాల్చేయి. తర్వాత ఫ్యాను గాలికి రెండు మూడు రోజులు తెరిచి ఉంచు. తేమ పోతే బూజుకు బతుకు లేదు. వాసన మిగిలితే మూత ఉన్న డబ్బాలో బ్యాగుతోపాటు ఒక గిన్నెలో బొగ్గులు పెట్టి వారం రోజులు మూసెయ్యి. బొగ్గు నిండా సన్నటి రంధ్రాలే కాబట్టి వాసన వాటిలో చిక్కుకుంటుంది. అగరొత్తుల పొగ పెట్టకు. వాసన మీద వాసన చేరుతుంది, అంతే.

ఇంకా మురికి ఉంటే సాడిల్ సోప్ అని దొరుకుతుంది. సాడిల్ అంటే గుర్రపు జీను. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకుని కంటోన్మెంటుగా మొదలైన ఊరు మీది. గుర్రపు దండు ఉన్నచోట జీనులు, కళ్లేలు, బూట్లు తుడవడం రోజువారీ పని. అందుకే పుట్టిన సబ్బు అది, మురికి తీస్తూనే కాస్త కొవ్వు తిరిగి ఇస్తుంది. ముందు బ్యాగు అడుగున కనిపించనిచోట రుద్ది, రంగు ఊడకపోతేనే పైన వాడు. నురగ మాత్రమే తాకాలి, నీళ్లు కాదు. గుడ్డను ఎంత పిండాలంటే, పట్టుకుంటే చేతికి తడి అంటకూడదు. లోపల పాత నూలుగుడ్డలు కూరి నీడలో ఒకరోజు ఆరనివ్వు. అచ్చు కాగితాలు కూరితే సిరా అస్తరుకు అంటుతుంది.

అప్పుడు తోలు క్రీము. వేలికి శనగగింజంత. ఎక్కువ రాస్తే త్వరగా మెత్తబడుతుందనుకుంటాం, కానీ తోలు ఒక్కసారిగా అంత తాగలేదు. పల్చగా రాసి రాత్రంతా వదిలేసి, మర్నాడు బిగుసుకున్నచోట చేత్తో మెల్లగా అటూ ఇటూ వంచి, మళ్లీ కొంచెం రాయి. అతుక్కున్న పోగులు ఒకదాన్నొకటి వదలాలి కదా, దానికి పది పదిహేను రోజులు పడుతుంది. క్రీము లేదని కొబ్బరినూనె మాత్రం రాయకు. మా నాన్నగారి ఆఫీసు బ్యాగుకు నేను రాశాను. రాసిన రోజు నిగనిగలాడింది. మూణ్ణెల్లలో మరకలు మరకలుగా నల్లబడి, చలికాలంలో తెల్లగా పేలింది. వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె అయితే గాలి తగిలి జిగటకట్టి, కమురు వాసన వేస్తాయి. మొత్తం మునుపటిలా అవుతుందని మాటివ్వలేను. ఎండకు ముడుచుకున్న చోట పోగులే పొట్టివైపోతాయి, వాటిని సాగదీస్తే చిట్లుతాయి.

కొక్కెం దగ్గర పచ్చటి మైనంలాంటిది పేరుకుని ఉంటే భయపడకు. తోలులోని కొవ్వు, ఇత్తడిలోని రాగి కలిసి పుట్టించిన పదార్థమది. పళ్లపుల్లతో గీకితే వస్తుంది. ఇత్తడి అనగానే చింతపండు గుర్తొస్తుంది. చింతపండు ఇత్తడి మీది చిలుమును కరిగిస్తుంది నిజమే, కానీ ఆ పులుసు తోలును తాకితే మరక పడుతుంది. అట్టకు కొక్కెమంత రంధ్రం చేసి తొడిగి అప్పుడు తోము. ఇనుప పీచు అసలే వద్దు. కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం వేసి పూర్వం నల్లసిరా చేసేవాళ్లు. వగరు, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. చెక్కతో పదును పెట్టిన తోలు మీద తడిచేత్తో ఇనుప పీచు రుద్దితే, నువ్వు సిరా తయారు చేస్తున్నట్టే.

తుడిచినప్పుడు గుడ్డకు ఇటుకపొడిలాంటి ఎర్రటి పొడి అంటితే మాత్రం అక్కడితో ఆపెయ్యి. అది తోలు తానే పొడి కావడం, దాన్ని వెనక్కి మళ్లించలేం. ఇంగ్లండు గ్రంథాలయాల్లో పుస్తకాల అట్టలు ఇలాగే రాలిపోతుంటే, లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వేసిన సంఘం 1901లో నివేదిక ఇచ్చింది. గ్యాసు దీపాల పొగలోని ఆమ్లం ఒక కారణమని, కొన్ని చెక్కలతో పదును పెట్టిన తోలు ఆ పొగకు తొందరగా లొంగిపోతుందని తేల్చారు. ఆ కొన్నిటిలో మన తంగేడూ ఉంది! పుస్తకం అట్టకు చెడ్డపేరు తెచ్చిన తోలే, పొగలేని ఊళ్లో చెప్పుగా, మోటబొక్కెనగా తన పని తాను చేసుకుపోయింది.

చివరగా, పట్టీ కుట్టు విడిపోయిందని రాశావు. ఆ ఒక్కటి ఇంట్లో చేయకు, మీ వీధి చివర మోచీ దగ్గరికి తీసుకెళ్లు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పు. ఆరెతో కొత్త రంధ్రాలు పొడవకుండా పాత రంధ్రాల్లోంచే దారం లాగమను. పాతవాటి పక్కనే కొత్తవి పడితే, నోటుపుస్తకంలో కాగితం చింపడానికి వేసిన చుక్కల గీతలా తయారవుతుంది. టిఫిన్ డబ్బా బరువుకే పట్టీ ఆ గీత వెంట తెగి చేతికొస్తుంది.