పలక కన్నా ముందు మాట

మార్కాపురం అనగానే పలకలు గుర్తొస్తాయి. ఇక్కడి గనుల రాతితో చేసిన పలకలు దేశంలో ఎన్నో బడులకు వెళ్లాయి. అయితే పలక చేతికొచ్చేనాటికే పిల్లలకు మాటలు వచ్చేసి ఉంటాయి. వినడం, అనడం ముందు, దిద్దడం తర్వాత. పెద్దయ్యాక కొత్త భాష మొదలుపెట్టే మనం మాత్రం తొలిరోజే అక్షరాల పుస్తకం కొంటాం. పిల్లల దారి పెద్దలకు ఎంతవరకు పనికొస్తుందో చూడండి.

• చంటిబిడ్డ చెవి: ‘త’కూ ‘ట’కూ తేడా ఇంగ్లిషు వాళ్లకు ఓ పట్టాన అందదు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో మాత్రం, ఇంగ్లిషు ఇళ్లలో పెరిగే 6–8 నెలల పిల్లలు హిందీలోని ఆ రెండు ధ్వనులనూ వేరుగా గుర్తుపట్టారు. 10–12 నెలలకు వచ్చేసరికి ఆ నేర్పు చాలావరకు పోయింది. అందుకే పెద్దవాళ్లు కొత్త భాషను ముందు చెవికి అలవాటు చేసుకోవాలి.

• ఎదుట మనిషి ఉండాలి: అమెరికాలో పాట్రిషియా కుల్ బృందం 9 నెలల పిల్లలకు 12 విడతలుగా చైనా మాండరిన్ వినిపించింది. ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ ధ్వనులు పట్టుకున్నారు. అవే మాటలు టీవీలో చూసినవాళ్లకు, టేపులో విన్నవాళ్లకు ఏమీ అబ్బలేదు. ఈ ఫలితాలు 2003లో వెలువడ్డాయి.

• పెద్దలూ తక్కువేం కాదు: నెదర్లాండ్స్‌లో డచ్చి భాష నేర్చుకుంటున్న ఇంగ్లిషు వాళ్లను కేథరిన్ స్నో, మరో పరిశోధకురాలు 1978లో పోల్చి చూశారు. తొలి నెలల్లో ముందున్నది పెద్దలు, పన్నెండేళ్లు దాటిన పిల్లలే. మూడు నుంచి ఐదేళ్ల పసివాళ్లు వెనకబడ్డారు.

• పదిహేడేళ్ల దాకా: దాదాపు 6.7 లక్షల మంది జవాబులను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వ్యాకరణాన్ని ఇట్టే పట్టే శక్తి 17 ఏళ్ల వరకూ తగ్గదు. ఆ తర్వాతా నేర్చుకోవచ్చు. సాధన ఎక్కువ కావాలి, అంతే.

• చేస్తూ నేర్వడం: పిల్లలు మొదట్లో ‘రా, కూర్చో, పట్టుకో’ లాంటి మాటలు తరచూ వింటారు. నోరు తిరగకముందే చెప్పిన పని చేసి చూపిస్తారు. అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో ఈ పద్ధతినే పెద్దల పాఠంగా మలిచారు.

• కడప కచేరీలో: సి.పి. బ్రౌన్ 1817లో మద్రాసు వచ్చేనాటికి ఆయనకు పంతొమ్మిదేళ్లు నిండలేదు. 1820లో కడపలో ఉద్యోగానికి చేరారు. అప్పట్లో కంభం, మార్కాపురం తాలూకాలు కడప జిల్లాలోనివే. అక్కడి కలెక్టరు హాన్‌బరీ జనంతో ధారాళంగా తెలుగులో మాట్లాడేవారు. అది బ్రౌన్‌లో పట్టుదల పెంచింది. వయసొచ్చాక తెలుగు నేర్చిన ఆ మనిషి 1852లో మనకు నిఘంటువు ఇచ్చారు.

• తండాల ఘనత: నల్లమల అంచున, యర్రగొండపాలెం వైపు తండాల్లో ఇంటి భాష గోర్‌బోలి. అది రాజస్థానీకి దగ్గరి భాష. తెలుగు ద్రావిడ భాష. రెండింటికీ చుట్టరికమే లేదు. అయినా బడి ముఖం చూడని లంబాడీ పెద్దలు కూలి పనుల్లో, సంత బేరాల్లో తెలుగు నేర్చారు. పుస్తకం లేదు, పరీక్ష లేదు. అవసరమూ మనుషులూ ఉన్నారు. పుస్తకం లేకుండానే భాష నేర్వవచ్చనడానికి ఇదో మంచి ఉదాహరణ.

గిద్దలూరు నుంచి బెంగళూరు పనులకు వెళ్లే తమ్ముళ్లకైనా, మార్కాపురంలో అంగడి నడిపే అన్నలకైనా దారి ఇదే. ముందు వినండి, విన్నది చేయండి, తప్పయినా పైకి అనండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఆ నవ్వులకు భయపడి ఏ పసివాడూ మాటలు మానలేదు. తండావాళ్లు మన భాష నేర్చుకున్నారు. ఇక మనం వాళ్లను రోజుకో మాట అడిగి, వాళ్ల భాషలోనే బదులు చెప్పడం మొదలుపెడదాం.