నొప్పిని లాగేసే సూదంటు రాయి ఉందా?

నాట్లు ముగిసి నడుములు పట్టేసిన రోజుల్లోనే అయస్కాంతాల బెల్టులు ఊళ్లలోకి దిగుతాయి. సంతలో గుడ్డ పరచి కంకణాలు, మోకాలి పట్టీలు పెడతారు. పట్నం నుంచి వచ్చిన వారైతే రచ్చబండ దగ్గర జనాన్ని కూడేసి అయస్కాంతాల పరుపు చూపిస్తారు. కొన్నవారు మరో ఇద్దరిని చేర్పిస్తే కమీషన్ ఇస్తామని ఆశ పెడతారు.

మొదట జరిగేది బలపరీక్ష. ముందుకొచ్చిన రైతును ఒంటికాలిపై నిలబెట్టి, చాచిన చేతిని కిందికి నొక్కుతారు. రైతు తూలుతాడు. కంకణం తొడిగి మళ్లీ నొక్కితే కదలడు. చప్పట్లు మోగుతాయి. కిటుకు కంకణంలో లేదు. మొదటిసారి చేతిని ఒంటికి దూరంగా బయటివైపు నొక్కుతారు. రెండోసారి ఒంటివైపు నొక్కుతారు. పైగా ఈసారి రైతు కాచుకుని ఉంటాడు.

రక్తంలో ఇనుముంది కనుక అయస్కాంతం దాన్ని పరుగెత్తిస్తుందన్నది తర్వాతి మాట. పెద్దవారి ఒంట్లో మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉన్న మాట నిజమే. అయితే అది మేకులో మాదిరి ముద్దగా ఉండదు. అణువుల్లో విడివిడిగా ఇమిడి ఉంటుంది. సూదంటు రాయికి అతుక్కోదు. ఎంఆర్ఐ స్కానింగ్ యంత్రాల్లో 1.5 టెస్లాల అయస్కాంతాలు ఉంటాయి. పట్టీల్లోని బిళ్లల బలం వాటి ముందు ఏపాటి? అందులో అరగంట పడుకుని లేచిన వారి మోకాళ్ల నొప్పులు పోయిన దాఖలా లేదు.

ఇంట్లోనే చూడవచ్చు. బిళ్లకూ గుండుసూదికీ మధ్య ఒక్కో కాగితం పేరుస్తూ పోతే కొంత మందానికే పట్టు వదులుతుంది. పరుపులోని బిళ్లేమో దూది, గుడ్డ, చర్మం దాటి వెన్నుపూసను చేరాలట. రాత్రంతా అయస్కాంతంపై ఉంచిన నీళ్లు తాగమనేవారూ ఉన్నారు. నీళ్లు ఆ గుణాన్ని దాచుకోవు. దాహం మాత్రం తీరుతుంది.

అమ్మేవారు చూపే ఆధారం ఒకటుంది. 1997లో అమెరికాలోని హ్యూస్టన్‌లో, పోలియో అనంతరం నొప్పులతో బాధపడే 50 మందికి కొందరికి అసలు అయస్కాంతాలు, కొందరికి ఉత్తుత్తివి 45 నిమిషాలు పెట్టి చూశారు. అసలువి పెట్టిన వారిలోనే ఎక్కువ మందికి ఉపశమనం కనిపించింది. ఆ తర్వాతి సంగతి మాత్రం వారు చెప్పరు. 2000లో నడుం నొప్పి గల 20 మందిపై ఇలాగే చూస్తే తేడా లేదు. అలాంటి పరీక్షలన్నిటినీ కలిపి 2007లో కెనడా వైద్య పత్రిక ప్రచురించిన సమీక్షలోనూ నొప్పులకు వీటిని సిఫారసు చేయదగ్గ ఆధారం దొరకలేదు. కీళ్ల అరుగుదల విషయం ఒక్కటే తేలకుండా మిగిలింది.

మరి కట్టుకున్న వారికి తగ్గిందే! నడుం నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. బిగుతు బెల్టు కొంత ఆసరా ఇస్తుంది. ఆ పని మామూలు బెల్టూ చేస్తుంది. వేడి కాపడం, మెల్లగా నడక, బరువు నడుంతో కాక మోకాళ్లు వంచి ఎత్తడం, వీటికి ఖర్చు లేదు.

అసలు ప్రమాదం పట్టీ కట్టుకుని బీపీ, షుగరు మాత్రలు మానేయడంలో ఉంది. గుండెకు పేస్‌మేకర్ అమర్చిన వారు అయస్కాంతాలను కనీసం ఆరు అంగుళాల దూరంలో ఉంచాలి. నడుం నొప్పితోపాటు కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

మధుమేహం, పక్షవాతం, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. మనుషులను చేర్పించినందుకు డబ్బిచ్చే పిరమిడ్ పథకాలను 2021 నిబంధనలు నిషేధించాయి. పరుపు కొనేసిన వారు రసీదు దగ్గర పెట్టుకుని వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు.