డాక్టరుకు కంటినిండా నిద్ర ఉందా?

పెద్దాసుపత్రిలో ఆపరేషను చేయించుకున్న రోగిని రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండేది పెద్ద డాక్టరు కాదు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పీజీ డాక్టరు. కట్టు మార్చాలన్నా, అర్ధరాత్రి నొప్పి లేచినా వచ్చేది అతనే. అతను ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడో అడిగేవారు తక్కువ. రాత్రంతా చేనుకు నీరు పెట్టిన రైతు మర్నాడు అరక పడితే కునుకు రాక మానదు. డాక్టరూ మనిషే కదా!

అమెరికాలో ఈ సంగతి ఒక చావుతో బయటపడింది. 1984లో న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రి చేరిన 18 ఏళ్ల లిబ్బీ జయాన్ ఉదయానికి చనిపోయింది. ఆమెను చూసినవారు శిక్షణలో ఉన్న డాక్టర్లు. పత్రికా రచయిత అయిన తండ్రి ఊరుకోలేదు. దాంతో 1989లో ఆ రాష్ట్రం వారానికి 80 గంటలు, ఒక దఫాకు 24 గంటలు మించరాదని కట్టడి చేసింది. 2003లో 80 గంటల హద్దు ఆ దేశమంతటా వచ్చింది. 2011లో మొదటి ఏడాది వారికి దఫాకు 16 గంటలే అన్నారు.

గంటలు తగ్గితే రోగికి మేలేనా? సర్జన్లకు అనుమానం వచ్చింది. ఆపరేషను మధ్యలో డ్యూటీ దిగిపోతే పని వచ్చేదెలా? రోగి చేతులు మారినకొద్దీ ఏదో ఒక మాట జారిపోదా? 2014-15లో 117 సర్జరీ శిక్షణ కేంద్రాల్లో పరీక్షించారు. వారానికి 80 గంటలు అందరికీ ఉంచి, కొన్నిచోట్ల దఫా హద్దు సడలించారు. మరణించిన లేదా పెద్ద ఇబ్బంది వచ్చిన రోగులు రెండుచోట్లా వందకు సుమారు 9 మందే. సడలింపు ఉన్నచోట రోగిని వదలకుండా చూశామన్న తృప్తి ఎక్కువ. సొంత బతుక్కి తీరిక లేదన్న బాధా ఎక్కువే. 2017లో 16 గంటల నియమం తీసేశారు. 24 గంటల డ్యూటీ, అప్పగింతలకు మరో 4 గంటల దాకా వీలు ఇచ్చారు.

ఆ అప్పగింతలోనే కీలకం ఉంది. 9 ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో దానికొక పద్ధతి పెడితే పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో తేలింది.

మన దేశంలో రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మామూలుగా మించరాదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2023 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల్లో మాత్రం అంకె లేదు. 'సమంజసమైన' గంటలు అని ఉంది. సమంజసం ఎంతో తేల్చేదెవరు? డాక్టర్లను పెంచకుండా గంటలు మాత్రమే తగ్గిస్తే వార్డులో రోగిని చూసేదెవరు?

ఈలోగా రోగి వెంట ఉన్నవారు చేయగలిగింది ఒకటుంది. డ్యూటీ మారి కొత్త డాక్టరు రాగానే ఆపరేషను ఏనాడు అయిందీ, ఏ మందు పడదూ, షుగరు ఉందా, రాత్రి జ్వరం వచ్చిందా చెప్పాలి. చీటీలన్నీ చేతిలో ఉంచుకోవాలి. చెప్పిందే కదా అని మొగమాటపడవద్దు.