రేవు లేని చోట దిగడం

ఓడ విహారానికి వెళ్లొచ్చిన మా చెల్లె, శాంటోరినిలో ఓడను సముద్రంలోనే ఆపి చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చారని వింతగా చెప్పింది. నాకు వింతేముంది? మా అమ్మమ్మది సిరొంచ. వంతెన పడకముందు కాళేశ్వరం నుంచి గోదావరి దాటి ఆ ఊరు చేరాలంటే మాకు పడవే దిక్కు.

పెద్ద ఓడ అడుగు ఏడెనిమిది మీటర్లు నీళ్లలో మునిగి ఉంటుంది. అంత లోతు రేవు లేని చోట దూరంగా లంగరేస్తారు. చాలాసార్లు ఓడ పక్కన వేలాడే ప్రాణరక్షక పడవలనే దింపి జనాన్ని చేరవేస్తారు. అల పెద్దదైతే కెప్టెన్ ఆ మజిలీనే రద్దు చేస్తాడు. డబ్బు కట్టాం కదా అని వాదిస్తే లాభం లేదు. అక్కడ గోదావరిలో కలిసే ప్రాణహిత పొంగి వచ్చినప్పుడు మా పడవ నడిపే మామ కూడా అంతే, బతిమాలినా తాడు విప్పేవాడు కాదు.

ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చేతులు ఖాళీగా ఉండాలి, సంచి భుజానికి తగిలించుకోవాలి. పడవ పైకి లేచి మెట్టుకు సమానమైనప్పుడు, సిబ్బంది రమ్మన్నాకే అడుగేయాలి. దూకొద్దు. మామైతే ముందు ముసలివాళ్లను కూర్చోబెట్టి, బరువు రెండు పక్కలా సర్ది, ఆ తర్వాతే మేకలను ఎక్కించేవాడు. తిరుగు పడవల్లో చివరిది ఎన్నింటికో దిగకముందే అడిగి పెట్టుకోండి.