రెండు స్వరాలతో నడిచే యంత్రం

అంతర్జాలం అందని గూడేల కోసం 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర అనే ఫోను వేదికకు బీబీసీ మాజీ పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి, మైక్రోసాఫ్ట్ రిసెర్చ్ ఇండియాకు చెందిన బిల్ థీస్ రూపమిచ్చినప్పుడు, వాడేవారికి కావలసినదల్లా మీటలున్న మామూలు సెల్‌ఫోనే. ఫోన్ చేసి 1 నొక్కితే తమ మాట రికార్డు చేయవచ్చు, 2 నొక్కితే ఇతరులు చెప్పినది వినవచ్చు. పాడైన చేతిపంపు గురించో రాని కూలి గురించో బస్తర్‌లో ఒకరు గోండీలో చెప్పిన మాటను పరిశీలకులు సరిచూసి విడుదల చేస్తే, రాయ్‌పూర్‌లోని అధికారీ పాత్రికేయుడూ కూడా దానిని వినగలరు.

అయితే అవతలి కంప్యూటరుకు 1కీ 2కీ తేడా ఎలా తెలుస్తుంది? సమాధానం 1963లో అమెరికాలోని బెల్ వ్యవస్థ ప్రవేశపెట్టిన మీటల ఫోనులో ఉంది. మీటల అడ్డవరుసలకు 697, 770, 852, 941 హెర్ట్జ్‌ల మంద్ర స్వరాలను, నిలువు వరుసలకు 1209, 1336, 1477 హెర్ట్జ్‌ల తార స్వరాలను కేటాయించారు కనుక, 1 నొక్కితే 697, 1209 జంటగా మోగుతాయి, 2 నొక్కితే 697తో 1336 మోగుతుంది. ఒక్క స్వరమే చాలదా అంటే, మాటలోనో ఈలలోనో ఆ స్వరం దొర్లినప్పుడు యంత్రం దానిని మీటగా భ్రమపడుతుంది. మనిషి గొంతు ఒక స్వరాన్ని పలికితే దాని రెట్టింపు, మూడింతలు వంటి అనుస్వరాలు కూడా తోడుగా వస్తాయి. 697కు రెట్టింపైన 1394 సరిగ్గా 1336కూ 1477కూ నడుమ ఖాళీలో పడుతుంది. ఈ అంకెలు వంకరగా కనిపించడంలోనే ఉంది అసలు తెలివి.

ఆ జంటను పట్టుకోవడానికి కంప్యూటరు సెకనుకు 8000 నమూనాలుగా అందే ధ్వని నుంచి సుమారు 205 నమూనాలను, అంటే సెకనులో నలభయ్యో వంతును, తీసుకుని, 1958లో గెరాల్డ్ గోర్ట్‌జెల్ ప్రకటించిన గణన పద్ధతితో ఏడు స్వరాలనూ విడివిడిగా పరీక్షిస్తుంది. లయ తప్పకుండా తోసిన ఉయ్యాల మాత్రమే ఎత్తుకు లేచినట్లు, వచ్చిన ధ్వనిలో నిజంగా ఉన్న స్వరానికి మాత్రమే లెక్క పెద్దదవుతుంది. సెల్‌ఫోనులో ఇంకో మెలిక ఉంది: మాటను కుదించే ప్రక్రియలో ఈ స్వరాలు చెడిపోతాయి కనుక, ఫోను మీట నొక్కిన సంగతిని మాత్రమే సందేశంగా పంపితే, స్వరాలను ఎక్స్ఛేంజి పుట్టిస్తుంది. పిలిచినవారి నంబరు కాల్ ఎత్తకముందే సర్వరుకు చేరుతుంది కాబట్టి, అది మిస్డ్ కాల్‌గా స్వీకరించి తానే తిరిగి ఫోన్ చేయగలదు. పేదవాడికి పైసా ఖర్చు లేని ఈ ఏర్పాటు ఏ యాప్ కంటే తక్కువది కాదు.

సీజీనెట్ స్వర తర్వాతి కథ వేగంగా సాగింది. రికార్డులను బ్లూటూత్‌తో ఫోను నుంచి ఫోనుకు పంచే బుల్టూ రేడియో వచ్చింది, గోండీ వార్తలను చదివి వినిపించే ఆదివాసీ రేడియో యాప్ వచ్చింది. నయా రాయ్‌పూర్‌లోని ట్రిపుల్ ఐటీ, ప్రథమ్ బుక్స్, మైక్రోసాఫ్ట్ రిసెర్చ్‌లతో కలిసి సాగిన పనిలో తెలుగుకు దగ్గరి చుట్టమైన గోండీలోకి సుమారు 400 పిల్లల కథలు అనువాదమయ్యాయి. అలా పోగైన హిందీ, గోండీ వాక్యాల జంటలతోనే, యంత్రం ఒక పదం సూచిస్తే మనిషి దిద్దే అనువాద సాధనానికి శిక్షణ మొదలైంది.