పట్టు చొక్కాకి కొలతలు ఇంట్లోనే సరిగ్గా తీసుకోవడం ఎట్లా?

పెళ్ళిళ్ల సీజన్ కదా, ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే విషయం మాట్లాడుకుందాం. పట్టు చొక్కా కుట్టించుకోవాలంటే కొలతలు ఇంట్లోనే తీసుకోవడం ఎట్లా?

టైలర్ దగ్గరికే పోవచ్చు కదా అంటారు. పోగలిగితే పోండి, అదే మేలు. కానీ మన వైపు ఇప్పుడు ఏం జరుగుతోంది? నాన్న ధర్మవరంలో బట్ట కొంటాడు. టైలర్ హిందూపురంలో ఉంటాడు. తొడుక్కోవాల్సినోడు డల్లాస్‌లో ఉంటాడు, పెళ్ళికి రెండు రోజుల ముందు దిగుతాడు. వాట్సాప్‌లో పంపిన ఆరేడు అంకెల మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

నాకూ ఇట్లే అయింది. బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు మా అక్క పెళ్ళి కుదిరింది. నాన్న ధర్మవరం పోయి నాకోసం పట్టు బట్ట తెచ్చినాడు. నేను రూమ్‌లో ఒక్కణ్ణే అద్దం ముందు నిలబడి, పొట్ట లోపలికి పీల్చి, కొలతలు రాసి పంపినా. పెళ్ళిరోజు పొద్దున తొడుక్కుంటే పొట్ట దగ్గర గుండీ లాగుతోంది. మండపంలో చెయ్యి పైకెత్తగానే చంక కింద పర్రుమని చినిగింది. పెళ్ళంతా కండువా కప్పుకునే తిరిగినా. తప్పు టైలర్‌ది కాదు, నాది. నాన్న ఒక్క మాట అనలేదు. ఆ చొక్కా మడిచి బీరువాలో పెట్టినాడు, ఇంకా అక్కడే ఉంది.

పంచకి ఈ బాధ లేదు చూడండి. ఎనిమిది మూరల పంచ ఎవరికైనా ఎనిమిది మూరలే. మూర అంటే మోచేయి నుంచి నడిమివేలి కొస దాకా, లెక్కకి 18 అంగుళాలు. ఎనిమిది మూరలంటే 144 అంగుళాలు, అంటే 4 గజాలు. సన్నగా ఉన్నోళ్ళు కుచ్చిళ్ళు ఎక్కువ పెట్టుకుంటారు, లావుగా ఉన్నోళ్ళు తక్కువ పెట్టుకుంటారు. చొక్కా అట్లా కాదు. కత్తెర పడిందంటే మళ్ళీ అతకదు. పట్టు టీషర్టు మాదిరి సాగదు. కుట్లు విప్పితే సూది రంధ్రాలు బట్ట మీద కనిపిస్తాయి.

అందుకే అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందే చెప్తా. ఒంటి కొలత వేరు, చొక్కా కొలత వేరు. మీ ఛాతీ 40 అంగుళాలైతే చొక్కా 40 ఉండదు. ఊపిరి పీల్చడానికి, చేతులు ఎత్తడానికి, కూర్చోవడానికి లూజు కావాలి. ఛాతీ దగ్గర మామూలుగా 4 నుంచి 6 అంగుళాలు వదులుతారు. ఆ లూజు కలపడం టైలర్ పని. మీరూ కలిపి పంపితే రెండుసార్లు కలిసి, చొక్కా గోనెసంచి అవుతుంది. కాబట్టి ‘ఇవి ఒంటి కొలతలు, లూజు కలపలేదు’ అని మెసేజ్‌లో మొదటి లైనే రాయండి.

ఇప్పుడు కొలుద్దాం. టైలర్లు వాడే మెత్తటి టేపు తీసుకోండి. ఇంకో మనిషిని పిలవండి, భుజాలు ఎవరికి వాళ్ళు కొలుచుకోలేరు. చొక్కా లోపల వేసుకునే బనియన్ వేసుకోండి. పంచ మీదికి చొక్కా అయితే పంచ కూడా కట్టుకోండి. ఇది చాలామంది మర్చిపోతారు. కుచ్చిళ్ళు, బెల్టు కలిస్తే నడుము దగ్గర మందం బాగా పెరుగుతుంది.

మెడ: గొంతు కింద, కాలర్ కూర్చునే చోట చుట్టండి. లోపల ఒక వేలు దూరాలి.

భుజం: వెనకవైపు, ఒక భుజం ఎముక కొస నుంచి మెడ కింద మీదుగా రెండో కొస దాకా. ఇది తప్పితే సరిచేయడం చాలా కష్టం. రెండుసార్లు కొలవండి.

ఛాతీ: చంకల కింద, బాగా ఎత్తుగా ఉన్న చోట. టేపు వీపు మీద జారిపోకుండా నేలకి సమానంగా ఉందో లేదో పక్కనోళ్ళు చూడాలి. ఊపిరి మామూలుగా వదలండి.

పొట్ట, సీటు: పంచ మీదనే కొలవండి. పొట్టని నిలబడి ఒకసారి, పీట మీద బాసింపట్టు వేసి కూర్చుని ఒకసారి. రెండూ రాసి పంపండి. పెళ్ళికొడుకు గంటలకొద్దీ కూర్చునే ఉంటాడు కదా.

చేతులు: భుజం కొస నుంచి, మోచేయి కొంచెం వంచి, మణికట్టు ఎముక దాకా. జరీ అంచు చేతి కొసకి వచ్చేటట్టు కుట్టిస్తుంటే ఇంకా జాగ్రత్త. పొడుగైతే మడిచి కుట్టొచ్చులే అనుకుంటారు, మడిస్తే అంచు లోపలికి పోతుంది. జబ్బ చుట్టుకొలత, మణికట్టు చుట్టుకొలత కూడా ఇవ్వండి.

పొడుగు: మెడ పక్కన భుజం మీది నుంచి ముందువైపు కిందికి. చొక్కా అయితే సీటు కప్పేదాకా, లాల్చీ అయితే మోకాలి దాకా.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. ఫిలిప్పీన్స్‌లో పెళ్ళికొడుకులు బరోంగ్ తగలోగ్ అనే చొక్కా వేసుకుంటారు. మేలురకం బరోంగ్ అనాస ఆకుల నారతో నేస్తారు, పల్చగా లోపలిది కనిపిస్తుంది. దాన్నీ ప్యాంటులోకి దోపరు, బయటికే వదిలేస్తారు, లోపల బనియన్ తప్పదు. సాగని బట్ట, బయటికి వదిలే చొక్కా. అందుకే అక్కడా భుజం, సీటు, పొడుగు సరిగ్గా కుదరాల్సిందే.

అంకెలు రాసేటప్పుడు ఇంకో మాట. టేపుకి ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు ఉంటాయి. ఏవో రాయండి. అంగుళాల్లో 15.5 అని రాస్తే పదిహేనున్నర అనుకోవచ్చు, పదిహేను మీద ఐదు గీతలు అనీ అనుకోవచ్చు. ‘పదిహేనున్నర’ అని అక్షరాల్లో రాస్తే గొడవే లేదు.

చివరగా టైలర్‌ని మూడు అడగండి. పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదలమనండి, ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు. కాటన్ లైనింగ్ అయితే ముందే నీళ్ళలో తడిపి ఆరేయమనండి, లేకపోతే తర్వాత లోపలిది కుదించుకుపోయి పట్టు ముడతలు పడుతుంది. వీలైతే ముందు మామూలు కాటన్ బట్టతో ఒక చొక్కా కుట్టించుకోండి. అది తొడుక్కుని చేతులు ఎత్తండి, కూర్చోండి, తలంబ్రాలు పోసినట్టు చేయండి. ఎక్కడ లాగిందో ఫోటో తీసి పంపండి. సరి చేశాకే పట్టు మీద కత్తెర పడాలి.

నేను ఆ కాటన్ చొక్కా కుట్టించుకుని ఉంటే కుట్టుకూలి కొన్ని వందలు పోయేది, అంతే. నాన్న తెచ్చిన పట్టు మిగిలేది. మీరు ఆ కొన్ని వందలకి వెనకాడొద్దండి.